రిచీ అని రాసిన క్యాసెట్

ఆ క్యాసెట్ మీద పేరంటూ ఒకటే ఉండేది. నీలం ఇంకుతో, బావ కోడికాళ్ళ రాతలో, "రిచీ" అని. ఏ బ్యాండో, ఏ ఆల్బమో, ఏ ఏడాదో ఏమీ లేదు. అరవై నిమిషాల టేపు, అటు ముప్పై, ఇటు ముప్పై. బావంటే మా మేనత్త కొడుకు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. సెలవులకి వచ్చి తిరిగి వెళ్తూ దాన్ని నా చేతిలో పెట్టి, "విను. నచ్చితే ఉత్తరం రాయి, నచ్చకపోతే టేపు తిరిగిచ్చెయ్" అన్నాడు. నాకప్పుడు పదిహేనేళ్ళు.

రిచీ అంటే బ్యాండు పేరనుకున్నాను. కొన్నాళ్ళకి అది పాడేవాడి పేరై ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అక్కడే చిక్కొచ్చి పడింది. ఏ వైపు పాడేవాడు గొంతు ఎక్కడికో తీసుకుపోయి కీచుమని అరిచి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కిందికి దిగుతాడు. బీ వైపు గొంతు అది కాదు. కోటగోడ మీద నిలబడి కింద ఊరంతటికీ చాటింపు వేస్తున్నట్టుంటుంది. ఈ ఇద్దరూ ఒక్కడే అని నమ్మడానికి నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఒక వైపు పాడేటప్పుడు జలుబు చేసి ఉంటుందని కూడా అనుకున్నాను. చివరికి ఉత్తరం రాశాను: "బావా, రిచీ గొంతు రెండు రకాలుగా ఎలా మారుస్తాడు?"

కార్డు ముక్క మీద జవాబొచ్చింది. "ఒరేయ్, రిచీ పాడడు. గిటార్ వాయిస్తాడు. ఏ వైపు ఒక బ్యాండు, బీ వైపు ఇంకో బ్యాండు. మళ్ళీ విను."

మళ్ళీ విన్నాను. ఈసారి పాటని పక్కన పెట్టి, గొంతు వెనకాల ఏం జరుగుతోందో దాని వెంట పడ్డాను. వాక్‌మన్ ఇయర్‌ఫోన్ ఒకటి పనిచేసేది కాదు, అందుకని వైరుని ఒక పక్కకి మెలితిప్పి వేలితో నొక్కి పట్టుకుని వినేవాణ్ణి. వారం రోజులకి కొద్దికొద్దిగా తెలియడం మొదలైంది. రెండు వైపులా ఒకే చెయ్యి ఉంది. ఒక స్వరాన్ని గట్టిగా కొట్టి, దాన్ని అలాగే గాల్లో వేలాడదీసి, చివర్లో సన్నగా వణికిస్తుంది. తర్వాత ఒక్కసారిగా మెట్ల మీంచి గోళీలు పోసినట్టు గబగబా దిగిపోయి, మనం అనుకోని మెట్టు మీద ఠక్కున ఆగుతుంది. మామూలు రాక్ గిటార్లో బ్లూస్ వాసన ఎక్కువ. ఇతని దగ్గర అది ఉంటూనే, మధ్యమధ్యలో మన కీరవాణి రాగం స్వరాల్లాంటివి దొర్లుతుంటాయి. ఆ పేరు నాకప్పుడు తెలియదు. ఎక్కడో విన్న బాణీలా ఉందే అనిపించేది, అంతే.

ఏ వైపు ఉన్నది డీప్ పర్పుల్ వాళ్ళ 'మెషీన్ హెడ్', 1972. బీ వైపు ఉన్నది రెయిన్‌బో వాళ్ళ 'రైజింగ్', 1976. రిచీ అంటే రిచీ బ్లాక్‌మోర్. అరిచే ఆయన ఇయాన్ గిలన్, చాటింపు వేసే ఆయన రానీ జేమ్స్ డియో. ఇదంతా తెలిసేసరికి ఏడాది పైనే పట్టింది. ఇంకో విషయం ఇంకా ఆలస్యంగా తెలిసింది. రెండు ఆల్బమ్‌ల అట్టల మీదా మార్టిన్ బర్చ్ అనే పేరు ఉంటుంది. మొదటిదానికి ఆయన రికార్డింగ్ ఇంజనీరు, రెండోదానికి నిర్మాత. అట్ట వెనక చిన్న అక్షరాలు చదివే రోగం నాకు అక్కణ్ణించే పట్టుకుంది. రాక్ అభిమానుల్లో ఆ రోగం లేనివాళ్ళు తక్కువ.

టేపు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఆ రెండు ఆల్బమ్‌లూ ముప్పై నిమిషాలు దాటినవే. బావ అవేమీ చూసుకోకుండా ఎక్కించేశాడు. 'రైజింగ్'లో చివరి పాట 'ఎ లైట్ ఇన్ ద బ్లాక్' ఎనిమిది నిమిషాల పైన ఉంటుంది. డ్రమ్స్ మీద కోజీ పవెల్ రెండు కాళ్ళతో గుర్రం తోలుతున్నట్టు తోలుతుంటాడు. కీబోర్డు తన వంతు వాయించి తప్పుకుంటుంది, గిటార్ అందుకుంటుంది, ఇంకా ఊపు అందుకుంటూ ఉంటుంది, టక్. టేపు అయిపోయింది. మూడేళ్ళ పాటు ఆ పాట నాకు అక్కడే ఆగిపోయింది. మిగిలింది నేనే కల్పించుకునేవాణ్ణి, రాత్రి పడుకుని నోటితో వాయిస్తూ. అమ్మ పక్కగదిలోంచి "ఎవరితోరా ఆ మాటలు?" అనేది.

పూర్తి పాట దొరికిన రోజున నిజం చెప్పాలంటే కాస్త చిన్నబుచ్చుకున్నాను. నా ముగింపే బావుందనిపించింది. పదిసార్లు విన్నాక గానీ ఆయన ముగింపుకి ఒప్పుకోలేదు.

ఏ వైపు మొదటి పాట 'హైవే స్టార్'లో సోలో, అంటే గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే ముక్క, ఉంది చూడండి, అది వేరే కథ. బ్లాక్‌మోర్ సాధారణంగా సోలోలు అప్పటికప్పుడు పుట్టిస్తాడు, రెండోసారి అడిగితే అలాగే వాయించడు. కానీ ఇది ముందే స్వరం స్వరం కూర్చుకుని వచ్చి వాయించినది. పాత క్లాసికల్ స్వరకర్త బాక్ సంగీతంలో తరచూ వినిపించే కార్డుల (కలిపి మోగించే స్వరాల) నడక మీద కట్టింది. అదే వరస మీద వేళ్ళు పైకీ కిందికీ పాకుతుంటే, లెక్క తప్పని పనివాడు ఇటుక మీద ఇటుక పేరుస్తున్నట్టుంటుంది. చిన్నప్పుడు ఆయన ఏడాది పాటు క్లాసికల్ గిటార్ నేర్చుకున్నాడట. పదకొండో ఏట వాళ్ళ నాన్న గిటార్ కొనిస్తూ, సరిగ్గా నేర్చుకో, లేకపోతే దీంతోనే నెత్తిమీద ఒకటి ఇస్తానన్నాడని ఆయనే చెప్పుకున్నాడు. నాన్నలు ఎక్కడైనా నాన్నలే.

ఇక 'స్మోక్ ఆన్ ద వాటర్'. గిటార్ పట్టుకున్న ప్రతివాడూ మొదటి వారంలో వాయించే పాట, తప్పుగా వాయించే పాట కూడా. నేనూ అలాగే మొదలుపెట్టాను. మా స్నేహితుడి గిటార్ అడిగి తెచ్చుకుని, స–ప జంటగా పట్టుకుని, పిక్‌తో, అదే తీగలు మీటే చిన్న బిళ్ళతో, బరబరా గీకి, వచ్చేసిందని సంబరపడ్డాను. బావ విని, "రాలేదు" అన్నాడు. అందులో మెలిక ఏమిటంటే, కింద స, పైన ప కాదు. కింద ప, పైన స. రెండు తీగల్నీ పిక్‌తో గీకకుండా వేళ్ళతో ఒక్కసారే లాగాలి. రెండు స్వరాలూ ఒకే క్షణాన పుడతాయి. అప్పుడే ఆ మొద్దు బరువు వస్తుంది. గిటార్‌ని అలా లాగి చూసిన సాయంత్రం నాకింకా గుర్తే. తీగ వేలికి కోసుకుంది గానీ, టేపులో వినపడే చప్పుడే నా ఒళ్ళో వినపడింది.

ఆ పాట వెనక కథ చాలామందికి తెలిసిందే. 1971 డిసెంబరులో డీప్ పర్పుల్ వాళ్ళు స్విట్జర్లాండ్‌లో మోంట్రూ అనే ఊరికి వెళ్ళారు. జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న కేసినోలో రికార్డు చేద్దామని ప్లాను. డిసెంబరు 4న అక్కడ ఫ్రాంక్ జప్పా అనే అమెరికన్ రాక్ సంగీతకారుడి కచేరీ జరుగుతుంటే ఎవడో తారాజువ్వ లాంటిది పేల్చాడు, కేసినో తగలబడిపోయింది. సరస్సు నీళ్ళ మీద పొగ. ఆ తర్వాత పెవిలియన్ అనే థియేటర్లో చేరితే, రాత్రిపూట ఆ చప్పుడుకి చుట్టుపక్కలవాళ్ళు పోలీసుల్ని పిలిచారు. 'స్మోక్ ఆన్ ద వాటర్' వాయిద్యాల వరకు ఎలాగో అక్కడే పూర్తిచేశారు. ఆఖరికి చలికాలమని మూసి ఉంచిన గ్రాండ్ హోటల్ దొరికింది. వరండాలో పరుపులు అడ్డం పెట్టి, బయట రోలింగ్ స్టోన్స్ వాళ్ళ రికార్డింగ్ లారీ నిలబెట్టి పని కానిచ్చారు. వాయించింది ఎలా వచ్చిందో వినాలంటే పడకగదుల్లోంచి, బాల్కనీల మీదుగా లారీ దాకా వెళ్ళాలి. కొన్నాళ్ళకి విసుగొచ్చి వినడమే మానేశారు. బాగా వచ్చిందనిపిస్తే తర్వాత పాటకి పోవడమే. అది తెలిశాక ఏ వైపు వింటే నాకు సంగీతంతో పాటు ఆ చలి వరండా కూడా వినపడటం మొదలైంది. కొంత భ్రమే అయ్యుండొచ్చు.

తర్వాతి సెలవులకి బావ డీప్ పర్పుల్ వాళ్ళ 'ఇన్ రాక్' తెచ్చాడు. దానికి ముందు సంవత్సరం, 1969 సెప్టెంబరులో, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఈ బ్యాండు పెద్ద ఆర్కెస్ట్రాతో కలిసి కచేరీ చేసింది. అది ఆర్గన్ వాయించే జాన్ లార్డ్ సరదా. బ్లాక్‌మోర్‌కి ఒళ్ళు మండింది. ఇక గట్టిగా, మోతగా వాయిద్దాం, అది కుదరకపోతే నీ ఆర్కెస్ట్రాల దారే చూద్దామన్నాడు. ఆ మంట నుంచి వచ్చిందే 1970 నాటి 'ఇన్ రాక్'. అందులో 'చైల్డ్ ఇన్ టైమ్' పది నిమిషాలు. దాని మొదటి ఆర్గన్ వరస ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే అనే అమెరికన్ బ్యాండు 'బాంబే కాలింగ్' నుంచి తీసుకున్నదే. వాళ్ళు దాచలేదు కూడా. మధ్యలో గిటార్ నింపాదిగా మొదలై, వేగం పెంచుకుంటూ, పెంచుకుంటూ, గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోతుంది. ఆ సోలో ఆయన గిబ్సన్ కంపెనీ గిటార్ మీద వాయించాడు. ఆ తర్వాత పూర్తిగా ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కి మారిపోయాడు. చెవి పెట్టి వింటే గొంతు మారడం తెలుస్తుంది. గిబ్సన్‌లో గుండ్రం, స్ట్రాట్‌లో అంచు.

డీప్ పర్పుల్ కచేరీల ఆల్బమ్ 'మేడ్ ఇన్ జపాన్' దొరికేసరికి నాకు రెండు ఇయర్‌ఫోన్లూ పనిచేసేవి కొనుక్కునే స్తోమత వచ్చింది. 1972 ఆగస్టులో ఒసాకాలో రెండు రాత్రులు, టోక్యోలో ఒక రాత్రి రికార్డు చేశారు. ఒక చెవిలో ఆర్గన్, ఇంకో చెవిలో గిటార్. లార్డ్ ఏదైనా అంటే రిచీ ఎదురు చెబుతాడు, రిచీ వెక్కిరిస్తే లార్డ్ అంతకంటే గట్టిగా వెక్కిరిస్తాడు. ఇద్దరు అన్నదమ్ములు భోజనాల దగ్గర వాదించుకుంటుంటే మధ్యలో కూర్చున్నట్టుంటుంది. అన్ని బ్యాండ్లలోనూ విన్నాక ఇప్పుడు చెప్పగలను, ఆయనకి దీటుగా నోరు చేసుకున్నవాడు లార్డ్ ఒక్కడే. తర్వాత ఎవరున్నా ఆయన మాటకి ఎదురుండేది కాదు. సంగీతంలో అది తెలిసిపోతుంది.

అదే రెయిన్‌బోలో ఆ చెయ్యి వేరే పని చేస్తుంది. 1974లో డీప్ పర్పుల్ వాళ్ళు 'స్టార్మ్‌బ్రింగర్' చేసేసరికి బ్యాండులో ఫంక్, సోల్ వాసనలు పెరిగాయి, ఈయనకి అవి పడలేదు. తను అడిగిన ఒక పాట చేయడానికి మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. దాంతో, తమ కచేరీలకి ముందు వాయించే ఎల్ఫ్ అనే బ్యాండు వాళ్ళని పట్టుకుని విడిగా చేసేశాడు. ఆ బ్యాండు గాయకుడే డియో. 1975లో మొదటి రెయిన్‌బో ఆల్బమ్ వచ్చింది. తర్వాత డియోని మాత్రం ఉంచుకుని ఎల్ఫ్ వాళ్ళందరినీ సాగనంపాడు. ఆయనతో పనిచేసేవాళ్ళు పెట్టె సర్దుకునే ఉండాలేమో.

'రైజింగ్' మ్యూనిక్‌లో చేశారు. 'స్టార్‌గేజర్'లో మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఉంది. ఆర్కెస్ట్రా అంటే మండిపడ్డ మనిషే మరి! ఒక మాంత్రికుడు ఎగరడానికి రాతి గోపురం కట్టిస్తాడు, ఎండలో బానిసలు రాళ్ళు మోస్తారు, చివరికి వాడు పడి చస్తాడు. డియో ఆ బానిసల్లో ఒకడిగా పాడతాడు. సోలో వచ్చినప్పుడు రిచీ ఇక్కడ ఎవరితోనూ వాదించడు, అదే కథని చెబుతాడు. స్వరాలు జారుతుంటాయి, రాయి మోసేవాడి కాలు ఇసకలో జారినట్టు. నాకు ఇంగ్లీషు పాట మాటలు సగమే అర్థమయ్యే రోజుల్లో కూడా ఆ సోలోలో ఎండ తెలిసేది.

ఆ తర్వాత డియో వెళ్ళిపోయాడు, బ్లాక్ సబ్బాత్ అనే ఇంకో బ్యాండులో చేరాడు. రిచీకి రేడియోలో మోగే పాటలు కావాలి, డియోకి మాంత్రికులు కావాలి. 1979లో గ్రేహమ్ బానెట్ అనే పొట్టి జుట్టాయనతో 'డౌన్ టు ఎర్త్' వచ్చింది. 'సిన్స్ యూ బీన్ గాన్' పెద్ద హిట్టు. నేను అలిగాను. నిజంగానే అలిగాను, ఆ క్యాసెట్‌ని మిగతావాటితో కలిపి పెట్టకుండా వేరే డబ్బాలో పడేశాను. అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మూడు నిమిషాల పాటలో ఆ గిటార్ ఎంత పొదుపుగా ఉంటుందో అప్పుడు నా చెవికి పట్టలేదు. ఇంకో తమాషా, ఆ ఆల్బమ్‌కి నిర్మాత, బేస్ వాయించింది రోజర్ గ్లోవర్. 1973లో రిచీ పట్టుదల వల్లే డీప్ పర్పుల్ నుంచి బయటికి పోయిన గ్లోవర్! ఆరేళ్ళకి మళ్ళీ అదే మనిషి పక్కన నిలబడ్డాడు. ఎలా మింగాడో.

జో లిన్ టర్నర్‌తో చేసిన 1981–83 ఆల్బమ్‌ల గురించి ఎక్కువ చెప్పను. బీతోవెన్ తొమ్మిదో సింఫనీని రాక్‌గా వాయించిన 'డిఫికల్ట్ టు క్యూర్' సరదాగా ఉంటుంది. 'స్నోమాన్' అనే మాటల్లేని పాట మాత్రం అర్ధరాత్రి లైట్లార్పి వినాల్సింది. 1984లో డీప్ పర్పుల్ పాతవాళ్ళంతా మళ్ళీ కలిసి 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్' చేశారు. అందులో లార్డ్ ఆర్గన్ మొదలవగానే బావ ఉత్తరంలో ఒకే ఒక వాక్యం రాశాడు: "అన్నదమ్ములు మళ్ళీ భోజనానికి కూర్చున్నారు." ఎన్నాళ్ళో కూర్చోలేదు. 1993లో టూరు మధ్యలో రిచీ లేచిపోయాడు, ఈసారి తిరిగి రాలేదు.

1997లో ఆయన కాండిస్ నైట్‌తో కలిసి 'షాడో ఆఫ్ ద మూన్' తెచ్చాడు. బ్యాండు పేరు బ్లాక్‌మోర్స్ నైట్. రెనసాన్స్ కాలపు బాణీలు, అకూస్టిక్ గిటార్, ఆ కాలపు వేషాలు. బావ ఫోన్లో, "అయిపోయాడ్రా, టోపీ పెట్టుకుని వీణలు వాయిస్తున్నాడు" అన్నాడు. అప్పటికి మేం ఫోన్లలోకి వచ్చేశాం. నేను ఆ డిస్కు కొన్నాను, చాలాసార్లు విన్నాను. కాండిస్ గొంతు సన్నం, దాని మీద ఆయన ఎక్కడా కాలు వెయ్యడు. పాట లైను ముగిశాక, ఖాళీలో, నాలుగు స్వరాలు. ఆ నాలుగో స్వరం చివర్లో అదే వణుకు. లార్డ్‌తో పోట్లాడిన చెయ్యే ఇక్కడ తలుపు తీసి పట్టుకుని నిలబడింది. బావకి చెబితే, "నీకు వయసైపోయింది" అన్నాడు, నాకంటే ఆరేళ్ళు పెద్దవాడు.

ముందుకి వెళ్ళడానికి ఇంకేం లేక, మేమిద్దరం వెనక్కి వెళ్ళాం. డీప్ పర్పుల్ పుట్టింది 1968లో. అంతకు ముందు ఆయన జో మీక్ అనే నిర్మాత దగ్గర కూలీ గిటారిస్టు. లండన్‌లో హాలోవే రోడ్డు మీద, కింద తోలు సామాన్ల దుకాణం, పైన ఇల్లే స్టూడియో. ఒకణ్ణి మెట్ల మీద, ఇంకొకణ్ణి స్నానాలగదిలో నిలబెట్టి వాయింపించేవాడట. పరుపుల వరండా ఈయనకి కొత్తేం కాదన్నమాట. ఔట్‌లాస్ అనే బ్యాండు అక్కడి ఆస్థాన విద్వాంసులు. అందులో రిచీ గిటార్, చాస్ హాడ్జెస్ బేస్. 1963లో హైన్జ్ అనే గాయకుడి 'జస్ట్ లైక్ ఎడీ' రికార్డులో గిటార్ రిచీదే, పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. నేను దాన్ని ఫోన్లో బావకి వినిపించి, పేరు చెప్పకుండా, "ఎవరో చెప్పు" అన్నాను. రెండున్నర నిమిషాల పాట అయిపోయింది. అటు నుంచి చాలాసేపు ఏం లేదు. "మళ్ళీ వెయ్యి" అన్నాడు. మళ్ళీ వేశాను. "తొందరపాటు వాడిదే. మిగతాది ఇంకా రాలేదు" అన్నాడు. ఒప్పుకోవాల్సిందే.

అసలు పరీక్ష ఇంకోటుంది, అందులో మేం ఇద్దరం తప్పుతూనే ఉన్నాం. 1970లో డెరెక్ లారెన్స్ అనే నిర్మాత కొందరు స్టూడియో విద్వాంసుల్ని కూర్చోబెట్టి 'గ్రీన్ బుల్‌ఫ్రాగ్' అనే ఆల్బమ్ చేశాడు. కాంట్రాక్టుల గొడవ వల్ల అట్ట మీద ఎవరి అసలు పేర్లూ లేవు, అన్నీ మారుపేర్లే. బూట్స్ అంటే బ్లాక్‌మోర్. బాస్ అంటే బిగ్ జిమ్ సల్లివన్, కుర్రప్పుడు రిచీకి గిటార్‌లో మెళకువలు చెప్పినవాడు. పింటా అంటే ఆల్బర్ట్ లీ. డ్రమ్స్ మీద డీప్ పర్పుల్ డ్రమ్మర్ ఇయాన్ పేస్, ఆయన పేరు స్పీడీ. బేస్ మన పాత చాస్ హాడ్జెస్. ఇంజనీరు ఎవరంటారు? మార్టిన్ బర్చే. ఒకే పాటలో ముగ్గురు గిటారిస్టులు వంతులు మార్చుకుంటారు, ఎవరెక్కడ మొదలై ఎవరెక్కడ ఆగారో అట్ట చెప్పదు.

ముప్పై ఏళ్ళకి పైగా ఒకే చెయ్యి విన్నవాణ్ణి కదా, సులువే అనుకున్నాను. కాగితం తీసి ఒక పక్క నిమిషాలు, ఇంకో పక్క పేర్లు రాశాను. ఫోటో తీసి బావకి పంపాను. అరగంటలో ఆయన కాగితం వచ్చింది, అదే కోడికాళ్ళ రాత. సగం చోట్ల నేను 'రిచీ' అన్న దగ్గర 'గురువు' అని ఉంది, నేను 'గురువు' అన్న దగ్గర 'రిచీ' అని ఉంది.

"ఆ వణుకు చూడు బావా, అది రిచీ కాకపోతే ఇంకెవరు?"

"ఆ వణుకు ఎవడు నేర్పాడనుకుంటున్నావు వాడికి? మళ్ళీ విను."